వెనకబడితే ఆగే నల్ల కారు

కంప్యూటర్ రేసింగ్ ఆటల్లో మనతో పోటీపడే కార్లు ఎలా నడవాలో నిర్ణయించడం నా ఉద్యోగం. ఆటగాడు వెనకబడినప్పుడు ముందున్న కార్లు అతనికి తెలియకుండా వేగం తగ్గించుకుంటాయి. అది మోసమని, ఆ నియమాన్ని తీసేయాలని ఈ వారం మా ఆఫీసులో చర్చ మొదలైంది. ఆ నియమం ఉందని నాకు మొదట చూపించింది ఎవరో నేను ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు... ఇప్పుడు చెప్పాలి.

తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న ఏడు. నేను పదో తరగతి. భూపాలపల్లిలో బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా బాపు గని ఆఫీసులో గుమాస్తా. పక్క క్వార్టరులో శాంతి ఉండేది. ఆమెది కురవి దగ్గర తండా. అక్క దగ్గర, గనిలో పనిచేసే బావ ఇంట్లో ఉండి, నాతోపాటే చదువుకునేది. పది పాసైతే నర్సు ట్రైనింగు... తప్పితే తిరిగి తండాకే. ఇంట్లో పెట్టిన షరతు అది.

బడులు మూతపడ్డాయి. మా అన్న వదిలివెళ్ళిన పాత కంప్యూటర్‌లో ఒక కార్ల పందెం ఉండేది. పగలంతా మా ఇద్దరికీ అదే పని... ఎప్పుడూ ఒక నల్ల కారు మాకంటే ముందుండేది.

నేను గెలవాలని ఆడేదాన్ని. శాంతి అలా కాదు. ఒకరోజు సగం దారిలో కారు ఆపేసి, తెర మూలనున్న చిన్న పటంలో నల్ల చుక్కనే చూస్తూ కూర్చుంది.

"ఏం చేస్తానవే? ఓడిపోతం!"

"జర ఆగు... అగో, సూడు. మనం ఆగితె అది గుడ నిమ్మళంగ పోతాంది."

"గేమ్ ఖరాబైంది పో."

"ఖరాబేం కాలె. మల్ల సూడు." ఇంకోసారి ఆపింది. మరోసారి ఆపింది. మూడుసార్లూ అంతే. "మన కోసమే ఆగుతాందే అది! పాపం, మంచిదే."

దీన్నే మా పనిలో రబ్బర్ బ్యాండ్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మనం మరీ ముందుకు పోతే వెనక కార్లు పుంజుకుంటాయి... మరీ వెనకబడితే ముందువి తగ్గుతాయి. మలుపుల్లో అవి చేసే చిన్న పొరపాట్లు కూడా చాలావరకు ఎవరో కావాలని రాసిపెట్టినవే. శాంతి ఏ పుస్తకమూ లేకుండా, పదిహేనేళ్ళ వయసులో, మూడుసార్లు పరీక్షించి తేల్చింది.

సమ్మెతో బావకు జీతం ఆగింది. ఇంట్లో ఒక మనిషి తిండైనా తగ్గుతుందని శాంతి తండాకు వెళ్ళిపోయింది. తల్లిని 'యాడి' అనేది... ఆ యాడికి పత్తి ఏరడంలో తోడు కూడా అవుతుందని.

ఆమె వెళ్ళిన వారానికి మా ఇంట్లో ట్యూషన్ మొదలైంది. చెప్పేది మా లెక్కల సారే... ఆయన కూడా సమ్మెలో ఉన్నారు. అందుకే తలుపులు మూసి చెప్పేవారు. నలుగురం పిల్లలం. చెప్పులు వాకిట్లో విడవకుండా చేతిలో పట్టుకొని దొడ్లోకి తీసుకుపోయేవాళ్ళం.

"బయట అన్నవంటె సార్ ఇజ్జత్ పోతది," అని అమ్మ హెచ్చరించింది. "సమ్మెల ఉండుకుంట పాఠాలు చెప్తాండంటరు. ఎవ్వలకు చెప్పకు."

ఒకరోజు శాంతి తండా నుంచి, వాళ్ళ అన్న ఫోన్‌లో మాట్లాడింది.

"ఏమే, బడి తెరిసిన్రా?"

"ఇంక తెరువలె."

"మరి ఏడనన్న పాఠాలు నడుస్తానయా?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"లేవే... బందంటె అందరికి బందే గద."

"అట్లయితె పత్తి ఏరుడు అయినంకనే వస్త. యాడి ఒక్కతే అయితాంది."

బడులు తెరిచిన రెండు వారాలకు శాంతి వచ్చింది. చేతివేళ్ళ నిండా పత్తికాయలు గీరిన గీతలు. బడిలో లెక్కల సార్‌కు పోయిన రోజులన్నీ పూడ్చాలన్న తొందర. శ్రేఢుల లెక్క ఒకటి బోర్డు మీద వేసి, "ఎవరికి వచ్చు?" అన్నారు. నాలుగు చేతులు లేచాయి. వాటిలో నాదొకటి.

"వచ్చింది గద. ముందుకు పోదాం," అని ఆ పాఠం దాటేశారు.

శాంతి నా వైపు తిరిగింది. కోపంగా కాదు... అర్థంకాక.

"నీకెట్లొచ్చే? బడి లేకపాయె గద?"

నేను నోటుపుస్తకం మీదికి వంగాను.

ఆ సాయంత్రం ఆట ఆడడానికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు తప్పింది. సెలవులకు తండాకు వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. గోడ అవతలి నుంచి వాళ్ళక్క చెప్పింది... "ఇగ రాదమ్మ. లెక్కలు తనతోని కావన్నది."

లెక్కలు తనతో కావని... ఆమె!

సమ్మె తప్పని నేను అనడం లేదు. మా బాపు కూడా అందులో ఉన్నాడు, అందరితో కలిసి మేమూ కష్టపడ్డాం. కానీ అందరం కలిసే ఆగామని నమ్మి ఒకమ్మాయి నిజంగానే ఆగింది. మేం నలుగురం ఆగలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ క్వార్టర్లలో ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. పిల్లలు ఎవరి ఫోన్‌లో వాళ్ళు ఆడుకుంటున్నారు... కారు ఆపి పరీక్షగా చూసే ఓపిక ఎవరికుందో. ఆ రోజుల్లో మీ తరగతి నుంచి కూడా ఎవరైనా అలా మెల్లగా జారిపోయి ఉంటే, వాళ్ళ పేరు ఇక్కడ, కామెంట్లలో రాయండి.

ఫోన్‌లో నేను నిజమే చెప్పి ఉంటే, యాడిని ఒంటరిగా వదిలి శాంతి వచ్చేదో లేదో నాకు తెలియదు. వచ్చినా, ట్యూషన్ వేళ మా అమ్మ ఆమెకు తలుపు తీసేదో లేదో... అదీ తెలియదు.