ముందు చతురస్రం

లాల్‌దర్వాజాలోని మా చిన్న ఆఫీసులో రక్తదాతల జాబితా నేనే చూసేవాణ్ణి. ఉప్పుగూడ నుంచి వచ్చే తోటి ఉద్యోగినిది నా పక్క కుర్చీ. ఏ పనికైనా ముందు బల్ల మీద వేలితో చతురస్రం గీసేది.

ఒకరోజు కాన్పు కష్టమైన తల్లికి రక్తం కావాలని ఫోన్ వచ్చింది. దగ్గరి దాత కోసం నేను కంప్యూటర్‌లో రాసిన క్వెరీ, అంటే వెతికే ఆదేశం, ఊళ్లోని దాతలందరి దూరమూ లెక్కిస్తూ కదలకుండా కూర్చుంది.

"అందర్నెందుకు కొలుస్తున్నవ్ అన్నా? ఆస్పత్రి చుట్టూ డబ్బా గియ్యి, దాంట్లున్నోళ్లనే కొలువు" అంటూ ఆమె అక్షాంశానికి, రేఖాంశానికి హద్దులు పెడుతూ రెండు వరుసలు చేర్చింది. క్షణంలో పత్తర్‌గట్టి దాత పేరు వచ్చింది.

తల్లీబిడ్డా దక్కారు. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండింది.

"గింతేనా? ఎవరన్న రాస్తరు" అన్నాను.

"నిజమే అన్నా, గిదేం పెద్ద పని కాదు" అని నవ్వింది.

ఆ నవ్వులో గర్వం ఇసుమంతైనా లేదు. ఉండి ఉంటే ఆమెను ద్వేషించడం నాకు తేలికయ్యేది.