అమ్మ బొటనవేలి గుంట

దెయ్యాల కథలు చెబితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. పుంగనూరులో మిషన్ కుట్టుకుంటూ బతికేదాన్ని, అలాంటివాటికి తీరికా లేదు, నమ్మకమూ లేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది చెబుతాను, అంతే.

మా అమ్మకు నోటి క్యాన్సర్. మదనపల్లెలో చూపిస్తే బాగా ముదిరిపోయిందన్నారు. ముక్కులో గొట్టం వేశారు, మాట పడిపోయింది. అమ్మకు ప్రాణమైన రాగిసంగటి ఆ రోజుతో మా ఇంట్లో ఆగిపోయింది. ఆమె చూస్తుండగా నేనెలా తింటాను? టీ, బన్నుతో సరిపెట్టుకునేదాన్ని.

అమ్మ మాత్రం రోజూ నా పొట్ట వైపు వేలు చూపించి, తిన్నావా అని సైగ చేసేది. తిన్నానమ్మా అంటే నమ్మేది కాదు. గొట్టంలో పాలు పోయబోతే మొహం తిప్పేసుకునేది. చాకిరీ కంటే అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

కుప్పం ఆసుపత్రిలో చేర్చాక, చెల్లెల్ని అమ్మ దగ్గర ఉంచి బట్టల కోసం ఇంటికొచ్చాను. మిట్టమధ్యాహ్నం. తాళంచెవి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. తలుపు తీస్తే ఇల్లంతా సంగటి వాసన.

పొయ్యి పక్కన పళ్లెంలో ముద్ద, ఇంకా పొగలు కక్కుతోంది. మధ్యలో నెయ్యి కోసం నొక్కిన గుంట పక్కకు ఒరిగి ఉంది. ఎప్పుడో కొడవలితో తెగి అమ్మ బొటనవేలు వంకరపోయింది. ఆమె నొక్కితేనే గుంట అలా పడుతుంది. పిండి డబ్బా నేను కడిగి బోర్లించినట్టే ఉంది. తెడ్డు మాత్రం తడిగా ఉంది.

భయపడాల్సింది. ఆకలేసింది. ఏడుస్తూ మొత్తం తిన్నాను.

సాయంత్రం కుప్పం చేరేసరికి చెల్లెలు వార్డు బయటే ఎదురైంది.

"యాల ఇంతసేపు అక్కా? మద్దేన్నం అమ్మ నిద్దరలోనే రెండు చేతులూ గుండ్రంగా తిప్పతా ఉండాది, కాళ్లతో దేన్నో అదిమి పట్టుకున్యట్ల. నాకు బయమేసింది."

కుండను పాదాల మధ్య బిగించి సంగటి కెలికేటప్పుడు అమ్మ చేసేది అదే.

లోపలికెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే అమ్మ నా కుడిచెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు వాసన చూసింది. ఆ పూట పాలకు మొహం తిప్పుకోలేదు.

తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఇరుగుపొరుగు అందరినీ అడిగాను, ఎవరూ పెట్టలేదన్నారు. ఇప్పుడు సంగటి నేనే చేసుకుంటున్నాను. వేలు ఎంత వంచి నొక్కినా ఆ గుంట రావడం లేదు.

ఆ ముద్ద ఎక్కడిదో నాకు ఈ రోజుకీ తెలియదు. అది తిన్నాక మాత్రం అమ్మ మళ్లీ నన్ను తిన్నావా అని అడగలేదు.