టైమక్క బిగించిన కంప్యూటర్

బస్సు డిపోలో ఇరవై తొమ్మిదేళ్ళు టైమ్‌కీపర్‌గా పనిచేసిన ఆమెను డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ టైమక్క అనే పిలిచేవారు. గేటు పక్కన అద్దాల గదిలో కూర్చుని, వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ టైము రాయడం ఆమె పని. ఆలస్యంగా వచ్చిన డ్రైవరు "ట్రాఫిక్ అక్కా" అంటే వదిలేది కాదు. "ట్రాఫిక్ సరే నాయనా, ఏ స్టాపుకీ ఏ స్టాపుకీ మధ్య?" అని అడిగేది. ఆ ప్రశ్నకు నీళ్ళు నమలని డ్రైవరు ఆ డిపోలో లేడు.

ఆమె అన్నయ్య కూడా అదే డిపోలో మెకానిక్కు. బస్సు గేట్లోకి తిరుగుతుండగానే, షెడ్డులోంచి తల ఎత్తకుండా, "దాని వెనక బ్రేకు చూడండ్రా" అనేవాడు. రిటైరయ్యే నాటికి కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చింది. మందులు వాడారు, ఆపరేషన్ చేయించారు, అయినా చూపు కొంచెం కొంచెంగా తరిగి ఐదేళ్ళలో పూర్తిగా పోయింది. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయి ఒంటరిగా ఉన్న చెల్లెలి ఇంటికే వచ్చేశాడు.

రోజూ పొద్దున టైమక్క అతనికి పేపరు చదివేది. ఆ తర్వాత ఏదో ఒక పుస్తకం. మళ్ళీ వినాలనిపిస్తే ఉంటుందని, కూతురు కాలేజీలో వాడి వదిలేసిన పాత కంప్యూటర్లో తన గొంతు రికార్డు చేసి పెట్టేది. నాలుగేళ్ళలో ఎన్ని పుస్తకాలు చదివిందో ఆమెకే లెక్క లేదు. ఒకరోజు ఆ కంప్యూటర్లోంచి కాలిన వాసన వచ్చింది. రిపేరువాళ్ళు చూసి, లోపలి మదర్‌బోర్డు పోయిందన్నారు. రికార్డింగులున్న డిస్కు మాత్రం బాగానే ఉందన్నారు.

అప్పుడే లైబ్రరీలో ఎవరో చెప్పారు, తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉందనీ, కళ్ళు లేనివాళ్ళు కూడా కీబోర్డుతో అన్నీ నడుపుకోవచ్చనీ. ఇంటికొచ్చి అన్నయ్యకు చెప్పింది. "ఎన్నాళ్ళని గొంతు అరగదీసుకుంటావే. నేర్పించు, నేనే చదువుకుంటా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో టైమక్క నడుం బిగించింది. ఎలాగూ చెవితో వాడే యంత్రం కాబట్టి ఫ్యాన్ల రొద ఉండకూడదు. పాత డిస్కు అందులో పట్టాలి. షాపులో రెడీగా ఉన్నవి చూస్తే ఒకటి పిండిమిల్లులా మోగుతోంది, ఇంకొకదానిలో డిస్కుకు చోటే లేదు. నెలరోజులు వీడియోలు చూసి, కావలసిన పార్టుల జాబితా రాసుకుని, తనే బిగిస్తానంది.

రెండు వీధుల అవతల ఉండే అల్లుడు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాడు. అతను గాభరాపడ్డాడు. "రెడీమేడ్‌ది కొనేద్దాం అత్తయ్యా. పార్టులు తెచ్చి బిగించడం మనవల్ల అయ్యే పని కాదు."

మనవల్ల అంటే మీవల్ల అని ఆమెకు అర్థం కాకపోలేదు. "చూద్దాంలే బాబూ" అని ఊరుకుంది.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టారు అన్నాచెల్లెళ్ళు. ఆమె వీడియో ఆపుతూ, నడుపుతూ, మళ్ళీ ఆపుతూ బిగిస్తుంటే, అతను స్టీలు గిన్నెలో స్క్రూలు వేసుకుని వేలికొసలతో ఏరి ఇచ్చేవాడు. "ఇది సన్నమర స్క్రూ. డిస్కుకి ఇది కాదు, లావుమరది పెట్టు" అనేవాడు. రెండు రోజులు పట్టింది. సాఫ్ట్‌వేరంతా షాపులో ఎక్కించి ఇచ్చిన కొత్త డిస్కులో ఉంది, పాత డిస్కు రికార్డింగుల కోసమే. పాత డిస్కును పై అరలో బిగించాక, పవరు వైరు అక్కడిదాకా అందలేదు. పాత కంప్యూటర్లోంచి తీసిన పొడిగింపు వైరు ఒకటి సొరుగులో ఉంటే, దాన్ని జోడించింది.

స్విచ్ నొక్కారు. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉంది. ఒక నిమిషం. రెండు. మూడు. నాలుగు నిమిషాలు దాటాక తెర మీద బొమ్మ వచ్చింది, మరికాసేపటికి "స్వాగతం" అంది కంప్యూటర్. ఆమె చప్పట్లు కొట్టింది. మొదటిసారి కదా, బద్ధకించిందేమో అనుకుంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

చూపున్నవాళ్ళకైతే నాలుగు నిమిషాలంటే కాఫీ కలుపుకొచ్చేంతసేపు. అన్నయ్యకు అలా కాదు. దీపం వెలిగిందో లేదో అతనికి తెలియదు, తెర నల్లగా ఉందో లేదో తెలియదు. స్విచ్ నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏ మాటా పలకని పెట్టె ముందు కూర్చోవాలి. సరిగ్గా నొక్కలేదేమోనని మళ్ళీ నొక్కేవాడు. దాంతో అది ఆరిపోయేది. కథ మళ్ళీ మొదటికి. మూడోరోజు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "వద్దులేవే. నువ్వే చదువు" అన్నాడు.

టైమక్కకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం అల్లుడు వచ్చాడు. మొదలవగానే పనిచేసే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. లాభం లేదు. సాఫ్ట్‌వేరంతా తుడిచి మళ్ళీ ఎక్కించాడు. మూడు గంటలు పట్టింది. స్విచ్ నొక్కితే మళ్ళీ అదే నాలుగు నిమిషాలు. "బోర్డు తేడా అత్తయ్యా" అని తేల్చాడు.

పార్టులు అమ్మిన షాపాయన ఇంకో మెట్టు పైకెక్కాడు. "బోర్డు కంపెనీకి పంపాలమ్మా, మూడు వారాలు పడుతుంది. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో కూడా చెప్పలేను. మీరే బిగించారు కదా, ఎక్కడో ఏదో అయ్యుంటుంది" అన్నాడు, కౌంటరు మీది దుమ్ము తుడుచుకుంటూ.

ఆమె ఇంటిదాకా ఆ మాటే నమిలింది. ఎక్కడో, ఏదో. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ రెండు మాటలు వినీ వినీ విసిగిపోయిన మనిషి ఆమె. చెప్పులు విప్పుతూనే, ఇన్ని రోజులుగా తను కూడా "ఆలస్యం, ఆలస్యం" అని మొత్తుకుందే తప్ప, ఎక్కడ ఆలస్యమో చూడలేదని తట్టింది. తన మీద తనకే కోపం వచ్చింది.

కొత్త నోటుపుస్తకంలో గీతలు గీసింది. స్విచ్ నొక్కడం ఒక గడి. ఫ్యాను తిరగడం ఒకటి. తెర మీద బొమ్మ రావడం ఒకటి. "స్వాగతం" అనడం ఆఖరిది. గడియారం ముందు పెట్టుకుని ఐదుసార్లు ఆపి, ఐదుసార్లు నడిపింది. ప్రతిసారీ ఒకటే వరస. స్విచ్ నుంచి బొమ్మ దాకా నాలుగు నిమిషాల చిల్లర. బొమ్మ నుంచి స్వాగతం దాకా పదమూడు సెకన్లు.

"అన్నయ్యా, విన్నావా? సాఫ్ట్‌వేరు పాపం ఏమీ చెయ్యలేదు. అది వచ్చేదే బొమ్మ తర్వాత. మన అల్లుడు మూడు గంటలు కడిగి ఆరేసింది ఈ పదమూడు సెకన్లనే."

అన్నయ్య మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. తిరక్కుండానే అన్నాడు. "అది ఆగి ఆగి మొదలవుతోందే."

"ఏది?"

"పెట్టెలో ఏదో. గుయ్యిమని వేగం అందుకుంటుంది, టక్కుమంటుంది, చల్లారిపోతుంది. మళ్ళీ గుయ్యిమంటుంది. ఇందాక నువ్వు ఆఖరిసారి నడిపినప్పుడు పదిహేడుసార్లు."

టైమక్క నోరు తెరుచుకుంది. "మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"నువ్వు అడిగావా? అల్లుణ్ణి అడిగావు, షాపువాణ్ణి అడిగావు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి పట్టుకుని లేపి తీసుకొచ్చింది. అతను పొడవాటి స్క్రూడ్రైవరు అడిగాడు. దాని మొన యంత్రానికి ఆనించి, పిడి చెవి పక్క ఎముకకు ఆనిస్తే, లోపలి చప్పుడు తిన్నగా తలలోకి వస్తుంది. డిపోలో ఇంజన్లన్నీ అలాగే విన్నాడు. ఆమె పక్క రేకు తీసి, ఫ్యాను జోలికి పోకుండా అతని చేతిని నడిపించింది. కరెంటు అందించే పవరు పెట్టె మీద పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు. కింది రేకు మీద పెట్టాడు, కాదన్నాడు. పై అరలో పాత డిస్కు మీద పెట్టగానే అతని ముఖం మారింది.

"ఇదే."

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, డిస్కు వైర్లు ఊడదీసి మళ్ళీ నడిపించింది టైమక్క. ఆరు సెకన్లలో బొమ్మ వచ్చింది. ఇన్నాళ్ళూ యంత్రం ఈ డిస్కు లేచేదాకా బొమ్మ చూపకుండా కాచుకుని కూర్చుందన్నమాట. దొంగ దొరికాడు. సంతోషం పట్టలేక అల్లుడికి ఫోన్ చేసింది.

"అంతేలే అత్తయ్యా, పాత డిస్కు కదా, పోయుంటుంది. తీసి పారేయండి. పీడ వదుల్తుంది" అన్నాడు అతను తేలిగ్గా.

ఆమె ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. పారేయమన్నది నాలుగేళ్ళ ఆమె గొంతును. జ్వరంతో బొంగురుపోయిన రోజులు, కథ మధ్యలో ఇద్దరూ పగలబడి నవ్విన రోజులు, అన్నీ అందులోనే ఉన్నాయి.

అన్నయ్య మాత్రం స్క్రూడ్రైవరుతో అరచేతిని తట్టుకుంటూ ఆలోచిస్తున్నాడు. "డిస్కు పోలేదే. పోతే చివర్లో ఎలా తిరుగుతోంది? తిరిగాక చప్పుడు సాఫీగానే ఉంది, రాపిడి లేదు. పైకి లేవడానికే బలం చాలట్లేదు. బ్యాటరీ వైరు వదులైతే బస్సు స్టార్టరు చేసేది సరిగ్గా ఇదే. దానికి కరెంటు ఎటు నుంచి వస్తోందో చూడు."

టార్చి వేసి వైరు వెంట వెళ్ళింది ఆమె. పవరు పెట్టె దగ్గర గట్టిగానే ఉంది. డిస్కు దగ్గరా గట్టిగానే ఉంది. మధ్యలో, తనే జోడించిన పొడిగింపు వైరు. ఊడదీసి అన్నయ్య చేతిలో పెట్టింది. అతను జాయింటును గోటితో తడిమాడు.

"నాలుగు పిన్నులున్నాయి. ఒకటి వెనక్కి పోయింది. తగిలీ తగలనట్టు ఉంటుంది."

టైమక్క వంగి చూసింది. నిజమే. మూడు పిన్నులు మెరుస్తున్నాయి, నాలుగోది ముడుచుకుని లోపల దాక్కుంది.

"నేనే పెట్టానన్నయ్యా ఈ వైరు" అంది చిన్నగా.

"పెట్టింది నువ్వే, పట్టుకున్నదీ నువ్వే. పద, పద."

డిస్కును పై అరలోంచి తీసి కింది అరలోకి మార్చింది. అక్కడికి కొత్త పవరు పెట్టె వైరే అందుతుంది, మధ్యలో అతుకు అక్కర్లేదు. నాలుగు లావుమర స్క్రూలు బిగించి, రేకు మూసి, ప్లగ్గు పెట్టింది. "నువ్వే నొక్కు" అంది అన్నయ్యతో.

అతను నొక్కాడు. కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు, దగ్గరికి లాక్కున్నాడు, కూర్చోబోయాడు.

"స్వాగతం" అంది కంప్యూటర్.

అతను సగం వంగినవాడు అలాగే ఆగిపోయాడు. "అప్పుడేనా?"

"పంతొమ్మిది సెకన్లు!" అని టైమక్క కేక పెట్టింది. డిపో గేటు దగ్గర కూడా అంత గట్టిగా అరిచి ఎరగదు. పక్కింటావిడ కిటికీలోంచి ఏమైందని అడిగింది. అన్నయ్య కంప్యూటర్ ఆపించాడు, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పంతొమ్మిదే. చిన్నపిల్లాడు కొత్త సైకిల్ దిగనట్టు, ఆ సాయంత్రమంతా ఆపడం, నొక్కడం, నవ్వడం. మధ్యలో డిస్కులోని రికార్డింగు ఒకటి తెరిచారు. టైమక్క గొంతు పదిలంగా పలికింది.

మర్నాడు అల్లుడూ కూతురూ వచ్చారు. అల్లుడు తన చేత్తో నాలుగుసార్లు నొక్కి చూశాడు. వైరు ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని పరీక్షించాడు. నోటుపుస్తకంలో గీతలూ అంకెలూ చదివాడు.

"నేను బోర్డన్నాను కదత్తయ్యా."

"అన్నావు బాబూ. డిస్కని కూడా అన్నావు."

కూతురు పకపకా నవ్వింది. అల్లుడూ నవ్వేశాడు. "మా ఆఫీసులో పదిమందిమి ఉన్నాం. ఇలా రాసి చూద్దామని ఒక్కడికీ తోచదు. ఈ పేజీ ఫొటో తీసుకోనా?" అని అడిగాడు. టైమక్క దర్జాగా పుస్తకం అతని ముందుకు తోసింది.

రెండు నెలలు తిరిగేసరికి అన్నయ్యకు కీబోర్డు స్వాధీనమైంది. పొద్దున్నే లేచి పేపరు తనే వినేసి, టైమక్క కాఫీ తెచ్చేసరికి వార్తలన్నీ ఆమెకే చెప్పేవాడు. యంత్రం ఏ మాటైనా తప్పు పలికితే దానితో గొడవపడేవాడు.

షాపాయన ఊరుకున్నాడా? అల్లుడి నోట విషయం తెలిసి, ఒకరోజు మొహమాటంగా ఫోన్ చేశాడు. "అమ్మా, ఆరోజు తొందరపడి ఒక మాట అనేశాను. ఇక్కడ ఒక కొత్త కంప్యూటర్ మధ్యమధ్యలో ఆరిపోతూ వారం నుంచి చంపుతోంది. పార్టులన్నీ మార్చి చూశాం. మీ అన్నయ్యగారిని ఒక్కసారి తీసుకురాగలరా?"

రెండేళ్ళుగా ఆసుపత్రికి తప్ప గడప దాటని అన్నయ్య, ఆ రోజు ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నాడు. షాపులో అతనికి కుర్చీ వేశారు. షాపాయన, ఇద్దరు పనివాళ్ళు, కొనడానికొచ్చిన నలుగురు చుట్టూ నిలబడ్డారు. పైన తిరిగే ఫ్యాను కూడా ఆపించాడు అన్నయ్య. పెట్టె నడిపించి, తల ఒక పక్కకు వంచి విన్నాడు.

"దీనికి జబ్బేం లేదయ్యా" అన్నాడు చివరికి. "అడుగున ఫ్యానుకి కాగితం ముక్క ఏదో తగులుకుని రెక్కని ఆపుతోంది. తీసెయ్యండి."

పనివాడు పెట్టెను బోర్లించి చూశాడు. షాపాయన తన చేత్తో అంటించిన గ్యారంటీ స్టిక్కరు, సగం ఊడి, ఫ్యాను రెక్కలో చిక్కుకుని ఉంది.