మొదటి చెట్టుకు కట్టిన తువ్వాల

మొన్న మంగళవారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టానో లేదో, ఆటో డ్రైవర్ పరుగున వచ్చాడు. "అన్నా, మేస్త్రక్క పోయింది. రాత్రి పండుకున్నది పండుకున్నట్టే ఉన్నదంట" అన్నాడు. పాలు పొంగి పోయాయి. పొయ్యి ఆపాలని కూడా నాకు తోచలేదు.

ఆమె ఎవరో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో నాది చిన్న కొట్టు. చాయ్, బిస్కెట్లు, సబ్బులు, కొబ్బరినూనె ప్యాకెట్లు అమ్ముతాను. మిర్చి కోతల కాలంలో అడవి వైపు ఊళ్ల నుంచి వచ్చే ఆడకూలీలు నా కొట్టు ముందే ఆటో ఎక్కుతారు. వాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. రైతుతో చేను మాట్లాడటం, మనుషుల్ని పోగేయడం, సాయంత్రం కూలి ఇప్పించడం మేస్త్రి పని. అది చేసేవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. కానీ తువ్వాల పద్ధతి ఆమెదొక్కదానిదే.

కోతకు పోయే ప్రతి మనిషీ తలకు తువ్వాల చుట్టుకుంటుంది కదా. జ్వరమొచ్చో, కాన్పయ్యో ఎవరైనా రాలేకపోతే, ఆ మనిషి తువ్వాల మాత్రం ఆటోలో వచ్చేది. నోటితో అడగాల్సిన పనిలేదు. చేలో ఒక సాలు, అంటే ఒక వరస చెట్లు, ఎవరికీ ఇవ్వకుండా వదిలి, దాని మొదటి చెట్టుకు మేస్త్రక్క ఆ తువ్వాల కట్టేది. ఎవరి సాలు వాళ్లు కోసి, తర్వాత అందరూ కలిసి ఆ సాలులోకి దిగేవాళ్లు. సాయంత్రం ఆ సాలు కూలి ఇంట్లో ఉన్న మనిషికి చేరేది. అంతే పద్ధతి. కానీ కూలి మీద బతికే ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే ముందు మేకలు పోతాయి, తర్వాత పిల్లల బడి పోతుంది. ఆ తువ్వాల వల్ల మేకలు అమ్ముకోకుండా నిలబడ్డ ఇళ్లు నాకు తెలుసు. ఇంటర్ మానకుండా చదివిన ఆడపిల్ల తెలుసు.

మొదట్లో రైతు ఒప్పుకోలేదు. ఆయన వాళ్లు తండ్రి కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నవాళ్లు. నేను చాయ్ క్యాను పట్టుకుని చేలోకి వెళ్లేసరికి గొడవ నడుస్తోంది.

"రాని మనిషికి కూలేంటమ్మా? నేనేమన్నా ధర్మసత్రం పెట్టానా?" అన్నాడాయన.

"ధర్మం నిన్నెవరు అడిగిండ్రు బాబూ? ఆ సాలు చూడు. కాయ ఉన్నదా?"

"లేదు."

"మరి కోత అయినట్టే గదా! నీకు కాయ కావాల్నా, మనిషి మొఖం కావాల్నా?"

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఆయనా నవ్వు ఆపుకోలేకపోయాడు. అప్పటి నుంచి ఆ చేలో సాళ్ల లెక్కనే కూలి.

ముఠాలో కూడా గొణుగుడు లేకపోలేదు. ఒక ముసలమ్మ ఉంది, నోరు మహా చెడ్డది. "మా నడుములేమన్న ఇనుపయా?" అని రోజూ అనేది. మేస్త్రక్క చాయ్ సాసర్లో పోసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "నీకు కండ్ల ఆపరేషన్ అయినప్పుడు నీ సాలు దయ్యాలు కోసినయా అవ్వా?" అనేది. ముసలమ్మ మూతి తిప్పుకుని పోయి ఆటోలో ముందు సీటు పట్టేది.

అక్క దేవత అని చెప్పను. మొండి మనిషి. కిరాయి దగ్గర ఆటో డ్రైవర్‌ని ఏడిపించేది. అయినా సాయంత్రం ఆటో దిగగానే నా దగ్గర కొబ్బరినూనె ప్యాకెట్ కొని, పంటితో చింపి, మిర్చి మంట తగ్గడానికి అందరి అరచేతుల్లో తలా ఇంత పోసేది. "చేతులు మంచిగ కడుక్కున్నంకనే పిల్లల్ని ఎత్తుకోండ్రి" అని చెప్పి పంపేది. ఎందుకక్కా ఇంత తాపత్రయం అని ఒకసారి అడిగాను. "ఒళ్లు అందరిదీ మెత్తనే తమ్మీ. ఇయ్యాల ఆమెది, రేపు నాది" అంది.

ఈ సీజన్‌లో తువ్వాల పంపుతున్నది ముఠాలోనే ఒక ఇంటి చిన్న కోడలు. కల్లానికి బస్తా మోస్తూ జారిపడి కాలు విరిగింది. మొగుడు తాపీ పనికి పోతాడు, పని దొరికిన రోజే కూలి. ఇద్దరూ చిన్న పిల్లలే. సోమవారం ఆ తువ్వాల ఆటోలో రాలేదు. ఉతికి ఆరేసి, ఇవ్వడం మర్చిపోయిందట. మేస్త్రక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, తన తల మీది ఎర్రగళ్ల తువ్వాల విప్పి ఆ సాలు మొదటి చెట్టుకు కట్టింది.

"అక్కా, ఎండ చూసినవా?" అన్నాను, మధ్యాహ్నం చాయ్ తీసుకుని వెళ్లినప్పుడు.

"కొంగు ఉన్నది గదరా" అంది.

ఆ సాలు సగమే అయింది, మిగతాది రేపు కోయాలని తువ్వాలను చెట్టుకే వదిలి వచ్చింది. సాయంత్రం తలనొప్పి అని చాయ్ సగమే తాగింది. తెల్లారేసరికి లేదు. ఎండదెబ్బ అన్నారు కొందరు, బీపీ అన్నారు కొందరు. డాక్టర్ చూడలేదు కాబట్టి నేనేమీ అనను.

శవం దగ్గర ఆ కోడలు కర్ర పట్టుకుని నిలబడి ఏడ్చింది. నన్ను చూసి మెల్లగా, "రేపటి సంది నా తువ్వాల ఎవరు కడతరన్నా?" అంది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్క ముందట గిట్ల అడుగుతున్న. సిగ్గు లేదు నాకు."

అప్పటికే ఇంకో మేస్త్రి ఆడవాళ్లను కదుపుతున్నాడు. కిలోల లెక్కన ఇస్తాడట, ఎవరు కోసిన కాయకు కూలి వాళ్లకేనట. ఎక్కువ కోసేవాళ్లకు అదే లాభం.

కర్మకాండలు కాకముందే వాళ్లు పనికి పోవాల్సి వచ్చింది. కాయ చెట్టున ఆగదు, పొయ్యీ ఆగదు. పొద్దున్నే ఆ కోడలు కుంటుకుంటూ వచ్చి తువ్వాలను నా కొట్టు బల్ల మీద పెట్టింది. ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఎవరూ తీసుకోలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇద్దరు ఆడవాళ్లు తల వంచుకుని కొత్త మేస్త్రి ట్రాక్టర్ వైపు నడిచారు. మిగతావాళ్లు నిలబడే ఉన్నారు.

ముసలమ్మ ఆటో దిగింది. "ఏందే, బొమ్మల్లెక్క నిలబడ్డరు? ఎండెక్కుతాంది" అని ఆ తువ్వాల తీసి బొడ్లో దోపుకుంది.

మధ్యాహ్నం చాయ్ తీసుకుని వెళ్లాను. సగంలో ఆగిన ఆ సాలు మొదటి చెట్టుకు మేస్త్రక్క ఎర్రగళ్ల తువ్వాల సోమవారం కట్టింది కట్టినట్టే ఉంది. ముసలమ్మ దాన్ని విప్పలేదు. దాని కిందే కోడలి తువ్వాల కట్టింది. అందరూ ఒకరి వెనక ఒకరు ఆ సాలులోకి దిగారు. మిర్చి ఘాటుకు దగ్గుకుంటూనే కోశారు. ఆ రోజు కళ్లు తుడుచుకుంటే ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇద్దరు తగ్గారు, ఇంకెందరు పోతారో. ఆ పద్ధతి వచ్చే ఏడు ఉంటుందో లేదో నాకు తెలియదు. నిన్నటితో ఆ చేను కోత అయిపోయింది. కోడలి తువ్వాల కూలితో పాటు ఇంటికి పోయింది. ఎర్రగళ్లదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రైతు కూడా చూసి, "ఉండనీండి" అన్నాడట.

ఇప్పుడు కొట్టు కట్టేసి ఆ దారినే వచ్చాను. చేనంతా ఒక్క ఎర్రటి కాయ లేదు. గోదారి గాలికి ఆ గళ్ల తువ్వాల ఒక్కటే లేస్తోంది, మళ్లీ చెట్టు మీదే పడుతోంది.