గంట మోగింది, నేను కుడివైపు చూశాను

ఆ రోజు పొద్దున నేను పళ్లెంలో సగం అన్నమే తిన్నాను. అంతా తిన్నాననుకుని లేచాను. రియాద్‌లో నాతో ఒకే రూమ్‌లో ఉండే రాజన్న, మా కోరుట్ల పక్క ఊరివాడే, పళ్లెం చూసి నవ్వాడు.

"ఏందే, ఎడమదిక్కు సగం ఇడిశిపెట్టినవ్? పప్పు బాగలేదా, నా మీద అలిగినవా?"

"ఏడ ఇడిశిపెట్టిన? అంత తిన్న గద!" అన్నాను. నిజంగా నా కళ్లకు ఆ పళ్లెం ఖాళీ.

కంపెనీ బస్సు దగ్గర మళ్లీ పట్టుకున్నాడు. "కుడిచెంప గీక్కున్నవ్, ఎడమచెంప గడ్డం ఏ దేవునికి మొక్కినవే?" బస్సంతా నవ్వింది. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. తల కుడివైపు కొద్దిగా నొస్తోంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

నాది ఏసీలు బాగుచేసే వాళ్లను పికప్‌లో తిప్పే పని. మా కంపెనీ కాంట్రాక్టు ఉన్న పెద్ద క్యాంపస్‌లో ఒక చిన్న ట్రామ్ తిరుగుతుంది. పట్టాలు రోడ్డుకు అడ్డం వచ్చేచోట ముందు దారి ట్రామ్‌దే. సిగ్నల్ స్తంభం ఎడమపక్కన ఉంటుంది. ఏళ్ల తరబడి దాటిన చోటు అది. ఆ రోజు పికప్‌లో నేనొక్కణ్నే ఉన్నాను. గంట విన్నాను. కుడివైపు చూశాను. ఏమీ లేదు. బండి ముందుకు పోనిచ్చాను. ట్రామ్ ఎడమనుంచి వచ్చి నా తలుపును గుద్దింది.

అదృష్టం, ట్రామ్‌లో ప్రయాణికులు లేరు. నడిపే షఫీక్, పాకిస్తానీ, నుదుట రక్తం కారుతున్నా దిగి నా దగ్గరికి వచ్చాడు. "భాయ్, ఘంటీ బజాయీ థీ మైనే. ఆప్ ఉధర్ క్యూఁ దేఖ్ రహే థే?" గంట కొట్టాను కదా, అటెందుకు చూస్తున్నావని అతని ప్రశ్న. ట్రాఫిక్ ఆఫీసర్ రాగానే "నాదే తప్పు సార్" అన్నాను. గల్ఫ్‌లో మాకు అదొక అలవాటు. యూనిఫాం కనపడితే ముందు తప్పు ఒప్పుకుంటాం, ఏం జరిగిందో తర్వాత ఆలోచిస్తాం.

ఎడమచెయ్యి విరిగింది. తలకు సీటీ స్కాన్ తీసి నార్మల్ అన్నారు. వార్డులో రూతు సిస్టర్, కోనసీమ ఆవిడ, భోజనం ట్రే తీసేటప్పుడు ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, పెరుగు తినలేదేంటండీ?"

"పెరుగు ఇయ్యలేదమ్మా" అన్నాను కుడివైపు గోడతో.

"నేను ఇటుపక్క ఉన్నానండీ. ఎడమపక్క. గోడతో మాట్లాడుతున్నారేంటి?"

ఆవిడ వెంటనే డాక్టర్‌ను పిలిచింది. ఆయన కాగితం మీద ఒక గీత గీసి మధ్యలో గుర్తు పెట్టమన్నాడు. పెట్టాను. పువ్వు బొమ్మ చూసి వెయ్యమన్నాడు. వేశాను. తర్వాత సిస్టర్ ఆ కాగితాన్ని నా కుడివైపుకు జరిపి చూపించింది. నా గుర్తు గీత కుడి చివర ఉంది. నా పువ్వుకు ఒకవైపే రేకులున్నాయి. సగం లోకం మాయమైంది, మాయమైనట్టు కూడా నాకు తెలియదు. చీకటి లేదు, ఖాళీ లేదు. ఉన్న సగమే మొత్తంలా నిండుగా ఉంది.

ఎమ్మారైలో బయటపడింది. "బ్రెయిన్‌లో కుడివైపు స్ట్రోక్. లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. నీ కళ్లు బాగానే ఉన్నాయి, చెవులూ బాగున్నాయి. ఎడమ అనేది ఒకటుందని బ్రెయిన్ మరిచిపోయింది" అన్నాడు డాక్టర్. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం, దాని వల్ల గుండెలో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ మెదడుకు పోయిందట. ఇన్నేళ్లు నాతో ఉన్న తలకాయ ఇంత గారడీ చేస్తుందని ఎవరనుకుంటారు!

ఈలోగా కంపెనీ కాగితాలు చూసే మందూబ్, హైదరాబాదాయన, మంచం దగ్గరికి వచ్చాడు. "గంట ఇనబడలేదని చెప్పు భాయ్. సగం తప్పు ట్రామ్ మీదికి పోతది. లేకుంటే కేసు ఒడిసేదాంక నీకు ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా రాదు." ఇంటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటున్న రోజులవి. కానీ తప్పు ఎవరిదో తేలేదాకా షఫీక్‌నూ డ్యూటీలోకి రానివ్వడం లేదు. నుదుట కుట్లతో నన్ను చూడ్డానికి వచ్చి, నారింజపండు ఒలిచి పెట్టిపోయాడు. అతని గంటను లేదనడానికి నాకు నోరు రాలేదు.

ఆఫీసర్ వచ్చినప్పుడు అదే చెప్పాను. "గంట విన్న సార్. అందుకే కుడివైపు చూసిన."

ఆయన ఫోన్‌లో కెమెరా వీడియో పెట్టాడు. గంట మోగగానే నా తల టక్కున కుడికి తిరగడం అందులో ఉంది. "అక్కడ ఇసుక తప్ప ఏముంది?" అన్నాడు. పక్కనున్న డాక్టర్ చెప్పాడు, ఈ జబ్బులో ఎడమనుంచి వచ్చిన శబ్దం కుడినుంచి వచ్చినట్టు వినపడవచ్చని. వార్డులో నేను గోడతో మాట్లాడిన సంగతి కూడా చెప్పాడు.

ఆఫీసర్ నన్నే చూశాడు. "జబ్బని తెలిసి నడిపావా?"

పళ్లెం సంగతి, గడ్డం సంగతి చెప్పాను. దాచుకుందామనే అనిపించింది, అవి నా మెడకే చుట్టుకుంటాయేమోనని. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "తనకు తెలియకపోవడమే ఈ జబ్బు. ఎదుటివాళ్లకే తెలుస్తుంది."

చివరికి తేలింది ఇది: దారి ట్రామ్‌ది కాబట్టి నష్టం మా బండి ఇన్సూరెన్స్ భరించాలి. తెలియకుండా ఒక్కసారిగా వచ్చిన జబ్బు కాబట్టి నా మీద కేసు లేదు. షఫీక్ మళ్లీ ట్రామ్ ఎక్కాడు.

కోలుకోవడం మాత్రం నేననుకున్నంత సులువు కాలేదు. తలుపు చెక్కలకు భుజం గుద్దుకున్నాను. ఒకసారి బాత్రూంలో ఎడమవైపు పడి, కట్టు కట్టిన చెయ్యే మళ్లీ విరగ్గొట్టుకున్నాను. ఆ పూట చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఫిజియోథెరపీలో ప్రతిదానికీ ఎడమ అంచున ఎర్రటేపు అంటించి, అది కనపడేదాకా తల తిప్పించారు. ఎగ్జిట్ రీఎంట్రీ వీసా మీద ఇంటికి పోయి వచ్చాను. ఇప్పుడు అదే క్యాంపస్‌లో స్టోర్‌లో పని. బండి ముట్టను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన బ్లడ్ థిన్నర్ మానను. అన్నం సగమయ్యాక రాజన్న మాట్లాడకుండా నా పళ్లెం తిప్పుతాడు. ప్రతిసారీ అన్నం పుట్టుకొచ్చినట్టే ఉంటుంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పక్కవాళ్లు ఒకేరోజు మిమ్మల్ని చూసి రెండుసార్లు ఒకే వైపు గురించి నవ్వితే, మీకేమీ తేడా అనిపించకపోయినా, బండి తాళాలు వాళ్ల చేతిలో పెట్టి ఆస్పత్రికి పదండి. నవ్వేది మీరైతే, తాళాలు మీరే లాక్కోండి.

స్టోర్ ముందునుంచే ట్రామ్ పోతుంది. షఫీక్ గంట కొడతాడు. చెవి ఇప్పటికీ కుడి అనే చెబుతుంది. నేను ఎడమకు తిరుగుతాను. అతను అక్కడుంటాడు.