మిషను దెబ్బ నేర్చిన చెయ్యి

అరకులో ఒక న్యూ వేవ్ రాక్ బ్యాండు ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. తొంభైల చివర్లో ఉండేది. నలుగురం. వాయించినవన్నీ ఒకే ఒక్క విదేశీ బృందం పాటలు. మేం అ ఆలు దిద్దుతున్న రోజుల్లో, మేం ఎన్నడూ చూడబోని దేశంలో వాళ్ళు పాడిన పాటలు. వాటిని ఉన్నవి ఉన్నట్టు దించడమే మా పని. అలాంటి వాళ్ళను ట్రిబ్యూట్ బ్యాండ్ అంటారని కూడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పాటల్ని మొదట విన్నది గిటారు వాయించే అతని దుకాణంలో. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు. విజయనగరం వైపు మనుషులు, అరకు స్టేషను పక్క క్వార్టర్లలో ఉండేవారు. అతనికి చిన్నప్పుడు వాల్తేరు రైల్వే కాలనీలో ఒక రిటైరైన గార్డు గిటారు నేర్పాడట. మేనమామ ఓడల మీద పనిచేసి, వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడు. ఇతను అరకు బజార్లో సినిమా పాటలు రికార్డు చేసి ఇచ్చే షాపు పెట్టుకున్నాడు. నేను పనిచేసే బడి వార్షికోత్సవానికి ఖాళీ క్యాసెట్ కొందామని వెళ్ళాను. లోపల ఏదో మోగుతోంది. కీబోర్డు ముందు పరిగెడుతోంది, గిటారు వెనక నక్కి ఉంది. డ్రమ్ము మనిషి కొట్టినట్టు లేదు, మిషను కొట్టినట్టుంది. పాడేవాడి గొంతులో ఏడుపూ లేదు, నవ్వూ లేదు.

"ఏటిది?" అన్నాను.

"నచ్చిందేటి మేడమ్? ఇది పెడితే సాలు, షాపులో మనిసి నిలబడడు," అన్నాడు.

నేను నిలబడ్డాను. రెండో వైపు కూడా విన్నాను.

ఆ రోజుల్లో నాకు ఎక్కడా కాలు నిలిచేది కాదు. క్లాసులో పాఠం చెబుతూ కిటికీలోంచి రోడ్డు చూసేదాన్ని. సెలవుకి ఇంటికి వెళ్తే, వెళ్ళిన రోజే తిరిగి వచ్చేద్దామనిపించేది. మా నాన్న పెదబయలు పైన ఒక ఊళ్ళో పాస్టరు. చర్చిలో హార్మోనియం, తర్వాత ఎవరో కానుకగా పంపిన చిన్న కీబోర్డు నా చేతికొచ్చాయి. కీర్తనకి వాయించడమంటే ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని నడిపించడమే. వాళ్ళు ఊపిరి పీల్చుకునేదాకా ఆగాలి. సాగదీస్తే మనమూ సాగదీయాలి. ఒక్క అడుగు ముందుకేసినా నాన్న వాక్యం చదివే బల్ల దగ్గర్నుంచి కళ్ళెత్తి చూసేవాడు. ఆ క్యాసెట్లో కీబోర్డు ఎవరికోసమూ ఆగలేదు. నన్ను పట్టుకున్నది అదే.

పాడే ఆమె హెల్త్ సెంటర్లో నర్సు. గుమ్మలక్ష్మీపురం వైపు అమ్మాయి. నర్సు ట్రైనింగుకి ముందు పార్వతీపురంలో ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పాడేది. సినిమా గాయనుల గొంతుల్ని అచ్చు దించేసేది కాబట్టి ఆమెకి మంచి పేరుండేది. "నా గొంతేటో నాకే తెల్దు మేడమ్, ఎవురూ అడగనేదు," అంది మొదటిసారి కలిసినప్పుడు. ఇంగ్లీషు పాటలంటే భయపడలేదు. మాటల్ని తెలుగులో రాసుకుని, మగవాడు పాడిన శ్రుతిలోనే, ఆ చలనం లేని గొంతుతోనే పాడేసింది.

నాలుగోవాడు డ్రమ్మరు. అరకు నుంచి పాడేరు వైపు సర్వీసు జీపు నడిపేవాడు. కొండ మీద ఊరు. వాళ్ళ నాన్న థింసా ఆటకి డప్పు కొట్టేవాళ్ళలో పెద్ద. వీడు నడక రాకముందే ఆ డప్పు పక్కన పడుకున్నాడట. నర్సు తన పాత ఆర్కెస్ట్రా వాళ్ళు మూలపడేసిన జాజ్ డ్రమ్ములు తెప్పించింది. ఒకదానికి చర్మం అతుకు వేసి ఉంది. వాడు జీపు దిగి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, కూర్చుని మోగించాడు. గది అదిరిపోయింది. మాకింకేం కావాలి!

కానీ చాలా కావలసి వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా బడిలోనే సాధన. వాడి దెబ్బ ఎప్పుడూ ఒక్క రవ్వ వాలి పడేది. అడుగు వేసేవాళ్ళకి చోటు వదిలినట్టు. మా పాటలకి చోటు అక్కర్లేదు. సూటిగా, గడియారంలా పడాలి. గిటారిస్టు క్యాసెట్ ప్లేయర్ని వాడి చెవి దగ్గర పెట్టి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టేవాడు.

"ఊగకు. మిషను ఊగుద్దేటి?"

"ఊగకపోతే ఎవురాడతారన్నా?"

"ఎవురూ ఆడక్కర్నేదు!"

వాడు పట్టు వదలలేదు. ఘాటు రోడ్డు మలుపుల్లో కూడా స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఉండేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళు తిట్టేవారు. వానాకాలం పోయి, చలి పోయి, కాఫీ తోటల్లో పళ్ళు కోసేశాక ఒక ఆదివారం వాడు మొదటి పాట మొదలుపెట్టాడు. గిటారిస్టు క్యాసెట్ని కూడా అదే క్షణాన వేశాడు. పాట చివరిదాకా రెండూ కలిసే ఉన్నాయి. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఎగిరి గంతేశాం. అదే నెలలో విశాఖపట్నంలో ఒక కాలేజీ ఉత్సవంలో వాయించమని పిలుపొచ్చింది. గిటారిస్టు స్నేహితుడెవరో అక్కడ చదువుతున్నాడు.

ఆ ఉత్సవానికి ముందే చైత్రం వచ్చింది, వాడి ఊళ్ళో వేటకీ విత్తనాలకీ ముందు చేసుకునే ఇటుకల పండగ. మమ్మల్ని ముగ్గుర్నీ జీపులో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఎండ చల్లబడ్డాక ఊరి నడుమ ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి వరస కట్టారు. మోరి సన్నాయి ఊదేవాడు శ్రుతి చూసుకున్నాడు. వాళ్ళ నాన్న తన డప్పు తీసి కొడుకు మెడలో వేశాడు.

వాడు మొదలుపెట్టాడు. వరస కదిలింది. నాలుగడుగులు వేశారో లేదో, మధ్యలో ఒకామె తడబడింది. నవ్వి సర్దుకున్నారు. మళ్ళీ మరో చోట తెగింది. కాళ్ళు ఒకరివొకరికి తగులుతున్నాయి. వాడికి చెమటలు పడుతున్నాయి, దెబ్బ మాత్రం తప్పడం లేదు. నాకు అర్థమైపోయింది. అసలు తప్పకపోవడమే తప్పు. వరస చివరనున్న వాడి మేనత్త చేతులు వదిలేసి నడుం మీద పెట్టుకుంది.

"ఏట్రా గుంటడా, గోడకి మేకు కొడతన్నావేటి? కాలెక్కడ ఏసీది మేం?"

అందరూ గొల్లుమన్నారు. వాడూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. వాళ్ళ నాన్న దగ్గరికొచ్చి, డప్పు వాడి మెడలోంచి తీసి తన మెడలో వేసుకున్నాడు. అరనిమిషంలో వరస పాములా సాగిపోయింది. వాడు మా పక్కకొచ్చి నిలబడి తన చేతుల వంక చూసుకున్నాడు.

తిరిగొస్తుంటే జీపులో గిటారిస్టు ఆనందం పట్టలేకపోయాడు. "సూసారా? ఈడి సెయ్యి ఇప్పుడు అచ్చం మిషనే! ఇశాపట్నంలో మనకి తిరుగునేదు!"

జీపు ఆగింది. వాడు దిగి, కాఫీ తోట గట్టు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నర్సు గిటారిస్టు వైపు తిరిగింది. "నోరు ముయ్యి," అంది, అంతే. దిగి వెళ్ళి వాడి పక్కన నిలబడింది. నేను జీపులోనే ఉండిపోయాను. వాడి బాధ నాకు తెలుస్తోంది. కానీ విశాఖపట్నం పోతుందేమోనన్న భయం దానికంటే గట్టిగా ఉంది.

ఆ తర్వాత వాడు సాధనకి రాలేదు. గిటారిస్టు రోజూ జీపు స్టాండుకి వెళ్ళి వెతికేవాడు, వాడు దొరికేవాడు కాదు. బయల్దేరాల్సిన పొద్దున వాడే జీపు తెచ్చి బడి ముందు ఆపి హారను కొట్టాడు. "మాటిచ్చాను గదక్కా. బేగి ఎక్కండి," అన్నాడు.

కాలేజీలో మేం నల్ల చొక్కాలు వేసుకుని తెర వెనక నిలబడ్డాం. వలంటీరు కుర్రాడొకడు అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఈకల కిరీటాలు. మమ్మల్ని గిరిజన కళాకారులుగా ప్రకటిస్తారట, అవి పెట్టుకుంటే బాగుంటుందట.

"ఐదు నిమిషాలు పెట్టుకుంటే ఏటవుద్ది? స్టేజి దొరికింది గదా," అన్నాడు గిటారిస్టు.

డ్రమ్మరు ఒక కిరీటం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా ఊర్లో ఇది ఎవురూ పెట్టుకోరు," అన్నాడు.

నర్సు దాన్ని వాడి చేతిలోంచి తీసి పెట్టెలో పడేసింది. "మా ఊర్లో ఈకలు కోడికుంటాయి బాబూ. అట్టుకెళ్ళిపో," అంది.

అలాగే, ఈకలు లేకుండానే ఎక్కాం. మొదటి పాటకి పిల్లలు బిత్తరపోయారు. రెండోదానికి సినిమా పాట కావాలని కేకలు. మూడోదానికి "థింసా! థింసా!" అని ఒక మూల నుంచి అరుపులు. నర్సు గొంతు చలించలేదు. నేను ఆగలేదు, వేళ్ళు తడిసి జారుతున్నా. ముందు వరసలో నడివయసు లెక్చరరొకాయన మాత్రం కళ్ళు మూసుకుని ప్రతి మాటా పలుకుతున్నాడు. వెనక డ్రమ్ము ఎక్కడా చెదరలేదు. క్యాసెట్టే వచ్చి కూర్చున్నట్టు వాయించాడు.

దిగాక గిటారిస్టు వాణ్ణి కౌగిలించుకున్నాడు. వాడు మెల్లగా విడిపించుకుని కర్రలు అతని చేతిలో పెట్టాడు.

"ఎక్కడా తప్పనేదు గదన్నా?"

"ఎక్కడా నేదురా!"

"అయితే సాలు. ఇంక నాను కొట్టను."

గిటారిస్టు బతిమాలాడు, తర్వాత తిట్టాడు. వాడు తలొంచుకుని విన్నాడు.

కొన్నాళ్ళకే గిటారిస్టు షాపు మూసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అక్కడ ఒక రికార్డింగ్ స్టూడియోలో కంప్యూటరు మీద డ్రమ్ములు పేర్చే పని దొరికిందని విన్నాం. డ్రమ్మరు సంగతి నర్సు చెప్పింది. పిల్లలకి టీకాలు వెయ్యడానికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు చూసిందట. వాళ్ళ నాన్న డప్పు ముట్టనివ్వలేదు. "ముందు ఆడు. కాలికి తెలిసినాక అదే సెయ్యికి సెప్తాది," అన్నాడట. పండగంతా వాడు చిన్నపిల్లలతో కలిసి వరసలో అడుగులేశాడు. మరుసటేడు కూడా. ఆ తర్వాతే డప్పు చేతికిచ్చారు.

నేను బళ్ళు మారాను. విజయనగరం వెళ్ళాను, నచ్చక వచ్చేశాను. కీబోర్డు ఉంది, కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

రెండువేలు దాటి కొన్నేళ్ళయ్యాక గిటారిస్టు తిరిగొచ్చాడు. జుట్టు పలచబడింది. అరకులో రిసార్టులు వచ్చాయని, పాత ఇంగ్లీషు పాటలకి ఇప్పుడు గిరాకీ అని, మళ్ళీ కలుద్దామని అందరి వెంటా పడ్డాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అప్పుడు పనిచేస్తున్న బడిలో కలిశాం. డ్రమ్మరు కూడా వచ్చాడు. "ఒక్క పాటే. జీపులో మనుసులున్నారు," అన్నాడు.

మొదలుపెట్టాం. వాడి దెబ్బ వాలింది, పూర్వంలాగే. గిటారిస్టు మొహం చిట్లించాడు. "ఎనకపడతన్నావురా."

"పడనీ అన్నా."

ఇద్దరి మధ్యా సన్నని సందు. గిటారిస్టు సూటిగా పోతున్నాడు, వాడు ఊగుతున్నాడు. నేను ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగబడ్డాను. నర్సు మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా పాడుతోంది. ఆ చల్లటి గొంతు కాదు. నేనెప్పుడూ వినని గొంతు, కొంచెం బొంగురుగా ఉంది. నా ఎడమచెయ్యి వాడి వెంట పోయింది. కుడిచెయ్యి ఆమె వెంట పోయింది. గిటారిస్టు ఆపేసి మా ముగ్గురినీ చూశాడు. అంతలో బయట జీపులోవాళ్ళు హారను మోగించారు. డ్రమ్మరు లేచి, మా వంక చెయ్యి ఊపి, పరుగున వెళ్ళిపోయాడు.

"వచ్చే ఆదివారం మళ్ళీ సూద్దాం," అన్నాడు గిటారిస్టు, వైర్లు చుడుతూ. గొంతులో కోపం లేదు.

ఆ వారమే నర్సుకి కొయ్యూరు బదిలీ అయింది. ఆదివారం జోరున వాన, ఘాటు మీద చెట్లు పడి జీపులు తిరగలేదు. గిటారిస్టు ముందురోజే హైదరాబాదు రైలు కోసం విశాఖపట్నం దిగిపోయాడని సాయంత్రం తెలిసింది. నేను మాత్రం మధ్యాహ్నమే వెళ్ళి బడి తలుపు తీశాను. కీబోర్డు పెట్టుకుని ఆ పాట నర్సు పాడిన పద్ధతిలో వాయించి చూశాను. సగం వచ్చింది, సగం రాలేదు. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ మొదలుపెట్టాను.