సముద్రం చీల్చిన డైరెక్టరూ, మా బామ్మర్ది బోరూ

మా బామ్మర్దిది ముదిగుబ్బ పక్కన పల్లె. వేయించిన బోర్లన్నీ ఎండిపోయాయి. ఇంకొక్కటి వేయించడానికి సగం చేను అమ్మేస్తానని కూర్చున్నాడు. కొబ్బరికాయతో నీళ్లు చూసే పెద్దాయన నేను వెళ్లిన రోజు పొద్దున్నే వచ్చి, చోటు చూపించాడు. అరచేతిలో పడుకోబెట్టిన కాయ నిటారుగా లేచిన చోట నీళ్లున్నట్టట.

నేను వాదించాను. వాదనలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ, నా వాదన విని మారినవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఆ సాయంత్రం గోడకు తెల్లపంచె కట్టి, మా హేతువాద సంఘం ప్రొజెక్టరుతో నాకిష్టమైన పాత హాలీవుడ్ సినిమా వేశాను. రథాలు, ఎడారి, వేలమంది జనం. చివరికొచ్చేసరికి సముద్రం రెండుగా చీలి దారిస్తుంది.

"అన్ని నీళ్లు పెట్టుకోని చీల్చేదెందుకప్పా? ఒక కాలవ ఇట్ల తిప్పితే పోలే" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"అది మహిమ కాదు. డైరెక్టరు పెద్ద తొట్టిలోకి రెండు పక్కలా నీళ్లు వదిలి, తీసిన ముక్కను వెనక్కి తిప్పి చూపించినాడు" అన్నాను.

ఆ కాలపు దర్శకులంటే నాకు గౌరవం. కంప్యూటర్లు లేకుండా, ఊళ్లకు ఊళ్లు కట్టించి, మండుటెండలో నిలబడి మాయ చేశారు. చేసింది మేమేనని తెరమీద పేరు కూడా వేసుకున్నారు. ఏ బాబా పాటించాడు ఆ మర్యాద?

బామ్మర్ది గడ్డం గోక్కున్నాడు. "అంటే కొస ఎట్లుంటాదో ముందే తెలుసు వానికి."

"అంతే."

"మా పెద్దాయన గూడా రాంగానే, పక్క చేన్లో నీళ్లు యాడ పడినాయని అడిగినాడు బావా."

తెల్లారి బామ్మర్ది, పెద్దాయన కళ్లకు తువ్వాలు కట్టి మళ్లీ నడిపించాడు. ముందురోజు లేచిన చోట కాయ కదల్లేదు. గొర్రెలదొడ్డి పక్కన, బండరాయి మీద ఠీవిగా లేచింది.

"కండ్లు కడితే గంగమ్మ పలకదు నాయనా" అన్నాడు పెద్దాయన.

"నీళ్లుండేది భూమిలో కదా తాతా, నీ కండ్లల్లోనా?" అన్నాడు బామ్మర్ది.

పెద్దాయనకు కడుపునిండా సంగటి పెట్టి బస్సెక్కించాడు. తర్వాత, చేను కొంటానన్న మనిషికి ఫోన్ చేసి వద్దనేశాడు. నేను మీసం తిప్పబోయాను.

"నీ మాట విని కాదులే బావా" అన్నాడు. "నువ్వు ఇరవై ఏండ్లుగా చెప్తానే ఉండావు."

వాళ్లావిడ గొర్రెలను బయటికి తోలుతూ నా వైపు తిరిగింది. "నీళ్లు లేవు సరే, చేనైతే ఉండాది కదన్నా."